శ్రీశైలం లోయ: కట్టకు రెండు వైపులా

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నాకూ ముందు గుర్తుకొచ్చినవి చెట్టుకింద తరగతులు, అయ్యవార్ల బెత్తం దెబ్బలు, ఇంటర్వెల్లో తిన్న ఉడకబెట్టిన శనక్కాయలు. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను విద్యుత్ రంగంలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఇంజనీరును. నాకు కొంచెం తెలిసిన సంగతి నీళ్లూ కరెంటూ. ఆ చదువు నాకు మన బడిలోనే, ఒక విహారయాత్రలో మొదలైంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

1984 జనవరిలో మేం తొమ్మిదో తరగతి. మమ్మల్ని శ్రీశైలం తీసుకుపోయారు. మైదుకూరులో చీకటితో బయలుదేరిన బస్సు చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల, ఆత్మకూరు దాటి నల్లమల అడవిలోకి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. దోర్నాల నుంచి ఘాటు ఎక్కుతుంటే సగంమందికి వాంతులు. మల్లన్న దర్శనం అయ్యాక మరునాడు డ్యాము చూపించారు. గేట్ల పనులు ఇంకా సాగుతున్నాయి. కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో అప్పటికి కొన్ని యూనిట్లే తిరుగుతున్నాయి. లోయ అడుగున, పవర్‌హౌస్ ముందు నీళ్లు తెల్లగా సుడులు తిరుగుతూ బయటికి వస్తున్నాయి. మేమంతా కమ్మీలు పట్టుకుని ఆ లోతులోకి తొంగిచూస్తూ కేకలు వేస్తున్నాం.

మా తరగతిలో ఒకడు మాత్రం అటు చూడలేదు. వెనక్కి తిరిగి, జలాశయం వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడు 1981లో కర్నూలు జిల్లా నుంచి వచ్చి, మైదుకూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. సోషల్ సారు దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు: "సార్, మా ఊరు యాడుంటాది?" సారు ఆ నీళ్ల వైపు కాసేపు చూసి, వాడి భుజం మీద చెయ్యి వేశారు. జవాబు చెప్పలేదు. బస్సులో వచ్చేటప్పుడు వాడి పక్కన కూర్చున్నది నేనే. నేనూ ఏమీ అడగలేదు.

ఆ లోయ గురించి తర్వాత నేను చదివిందీ, చూసిందీ ఇక్కడ చెప్తాను. మైదుకూరు వాళ్లకు ఇది పరాయి కథ కాదు. బ్రహ్మంసాగర్‌లో నిండే నీళ్లు ఆ కట్ట వెనకనుంచి వచ్చేవే.

కట్టకు ముందు

మహారాష్ట్రలో పుట్టి మైదానాల మీద విశాలంగా పారే కృష్ణ, సంగమేశ్వరం దాటాక నల్లమల కొండల్లో పడి ఇరుకైపోతుంది. లక్షల ఏళ్లుగా గట్టి రాతిని కోసుకుంటూ నది చేసుకున్న దారి అది. ఆ రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలల మొత్తానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? కడప. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివేవాడైనా మన జిల్లా పేరుతోనే ఈ రాళ్లను చదువుతాడు. పెన్న కోసిన గండికోట లోయను మనం పిక్నిక్కులకు పోయి చూస్తుంటాం. కృష్ణ కోసిన లోయ అంతకంటే లోతైంది, పొడవైంది.

వెనకటి యాత్రికులకు ఈ లోయే పాతాళగంగ. కొండమీది గుడి నుంచి వందల మెట్లు దిగితే గాని నీళ్లు అందేవి కావు. పేరులోని పాతాళం ఉత్త అలంకారం కాదు. ఇప్పుడు జలాశయం నిండితే కింది మెట్లు మునిగిపోతాయి. రోప్‌వేలో కూర్చుని దిగి, పడవెక్కి అక్కమహాదేవి గుహలకు పోవచ్చు. మెట్ల లెక్క తెలిసిన పెద్దవాళ్లకే ఆ లోయ ఎంత లోతుండేదో అర్థమవుతుంది.

నది ఇరుకైన చోటే ఇంజనీరు కన్ను పడుతుంది. తక్కువ గోడతో ఎక్కువ నీళ్లు ఆపవచ్చు. ఈ లోయ మీద మొదట వేసిన పెద్ద ఆలోచన కరెంటు కోసం కాదు, మన కోసం. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణ, తుంగభద్ర, పెన్న జలాల వాడకంలో పదేళ్లపాటు రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇస్తామని కోస్తా నాయకులు ఒప్పుకున్నారు. 1951లో మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నారు పథకం ముందుకు తెచ్చింది. సంగమేశ్వరానికి దిగువన సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి, నీళ్లను పెన్న వైపు మళ్లించాలన్నది అందులో ముఖ్యం. ఆ నీళ్లు చివరికి తమిళ జిల్లాలకు పోతాయని కోస్తాలో ఆందోళన పుట్టింది. 1952లో ఎ.ఎన్. ఖోస్లా అధ్యక్షతన వేసిన కమిటీ నందికొండ వైపు మొగ్గింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. సిద్ధేశ్వరం కాగితాల్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఇదే లోయలోకి శ్రీశైలం వచ్చింది. అయితే సాగునీటి పథకంగా కాదు, జలవిద్యుత్ పథకంగా. 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కూడా శ్రీశైలానికి ఇచ్చింది 33 టీఎంసీలే, అదీ ఆవిరైపోయే నీటి కింద. అంటే కాగితం మీద ఆ జలాశయం నుంచి ఒక్క ఎకరా తడవాల్సిన పని లేదు. నీళ్లు టర్బైన్లలోకి దూకి, చక్రం తిప్పి, సాగర్‌కు పోవాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే తర్వాతి నలభై ఏళ్ల పేచీలన్నీ అర్థమవుతాయి.

మునిగినవి

కట్ట పొడవు 512 మీటర్లు. లోయ ఎంత ఇరుకో చెప్పడానికి ఆ అంకె చాలు. కాని దాని వెనక నీళ్లు లోయలో మాత్రమే నిలవలేదు. కొండలకు ఎగువన ఉన్న చదును నేలల్లోకి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నల్లరేగడి పొలాల్లోకి పాకాయి. సుమారు వంద గ్రామాలు, లక్షకు పైగా జనం కదలాల్సి వచ్చింది. 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించిన తీరు ఆ ప్రాంతంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మన తరగతిలోని వాడు ఆ ఏడే మైదుకూరు వచ్చాడు.

గుళ్లకు కొంత అదృష్టం దక్కింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. సప్తనదుల సంగమం దగ్గరి సంగమేశ్వరం మునిగింది. ఏటా వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు కొన్నాళ్లు బయటపడి, వేపమొద్దు లింగంగా పూజలందుకుని, వానలు రాగానే మళ్లీ మునుగుతుంది. మనుషుల సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. ముంపు కుటుంబాల వాళ్లకు ఉద్యోగాల్లో అవకాశం ఇస్తూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకుని తిరిగిన కుర్రవాళ్లకు ఇప్పుడు జుట్టు తెల్లబడింది.

జలపాతం ఎక్కడికి పోయింది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మాచ్‌ఖండ్ చూశాను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం ఉంది. ఎత్తు 175 మీటర్లు. 1955లో మొదలైన ఆ విద్యుత్ కేంద్రం మన రాష్ట్రంలో తొలినాళ్ల బల్బులకు పెద్ద దిక్కు. ఎగువన జలాపుట్ దగ్గర నదిని ఆపి, జలపాతంగా దూకాల్సిన నీళ్లను గొట్టాల్లోంచి పవర్‌హౌస్‌కు దించుతారు. అందువల్ల వానాకాలం వరదలో తప్ప ఆ జలపాతం నిండుగా కనబడదు. అక్కడ నాతో వచ్చిన ముసలి ఫోర్‌మన్ ఒక మాట అన్నాడు: "జలపాతం ఎక్కడికీ పోలేదు బాబూ, గొట్టంలో దూకుతోంది." ఇంజనీరుగా ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. దూకే నీటిలోని బలమే కరెంటు. ఆ బలాన్ని గొట్టంలో పట్టామంటే, కంటికి కనబడేది తగ్గాల్సిందే.

శ్రీశైలంలో జరిగింది దీనికి తిరగేసిన పని. అక్కడ పెద్ద జలపాతమేదీ లేదు. నది లోయ అడుగున పారేది. కట్ట కట్టి మనమే ఒక జలపాతం తయారు చేశాం. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. కిందనున్న సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, దాని నీళ్లు శ్రీశైలం కట్ట పాదం దాకా ఎగదన్నుతాయి. రెండూ నిండినప్పుడు తేడా 295 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. వరదలొచ్చినప్పుడు 12 గేట్లు ఎత్తితే, నది అంత ఎత్తునుంచి లోయలోకి దూకుతుంది. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి, కర్నూలు నుంచి, మన వైపు నుంచి జనం కార్లు కట్టుకుని పోతారు. ఘాటు రోడ్డు కిలోమీటర్ల పొడవున ఆగిపోతుంది. తుంపర్లు మొహాన పడుతుంటే ఫోటోలు తీసుకుంటారు. నేనూ పిల్లలతో పోయాను, నేనూ తీశాను. అది అందమైన దృశ్యమే. దాన్ని చూసి ముచ్చటపడినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

కాని ఆ నీరు కొత్తగా దూకుతోంది కాబట్టి, కొత్తగా తవ్వుతోంది కూడా. కట్ట కింద నది అడుగున బండలో లోతైన గుంత పడింది. దాని లోతు కొలవడం, గట్లను కాపాడటం ఇప్పటికీ ఇంజనీర్లకు పెద్ద పని. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణం మునిగిన వరదలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా నీళ్లొచ్చాయి. మట్టం 885 దాటి 896 అడుగులకు ఎక్కింది. ఆ రాత్రి కట్ట నిలబడింది కాబట్టి కింద సాగర్, విజయవాడ నిలబడ్డాయి.

ఇంకో మార్పు కంటికి కనబడదు. నదితో వచ్చే ఒండ్రు కట్ట దగ్గర ఆగిపోతుంది. కట్టినప్పుడు జలాశయం 308 టీఎంసీలు పట్టేది. తర్వాతి సర్వేల్లో అది 215కు పడిపోయింది. పోయిన 90 టీఎంసీల పైచిలుకు జాగా అంటే, 17 టీఎంసీల పైన పట్టే మన బ్రహ్మంసాగర్ లాంటివి ఐదు. ఆ ఒండ్రంతా లోయ అడుగున పడి ఉంది.

55 అడుగుల కథ

శ్రీశైలం కట్ట మీద గేట్లు మొదలయ్యే మట్టం 830 అడుగులు. గేటు ఎత్తు 55 అడుగులు. రెండూ కలిపితే 885. మనకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు తూముల అడుగుమట్టం 841. అంటే పోతిరెడ్డిపాడు నుంచి మనకు వచ్చే నీళ్లు పూర్తిగా ఆ గేట్ల ఎత్తులోనే ఉన్నాయి. కింద ఎన్ని టీఎంసీలున్నా మన కాలువకు అందవు. 841 దాటగానే కూడా నీళ్లు సన్నగానే పారతాయి. తూములు సక్రమంగా పారాలంటే 854 అడుగులైనా ఉండాలి. టర్బైన్లు మాత్రం అంతకంటే చాలా కిందికి దిగినా తిరుగుతాయి.

పోతిరెడ్డిపాడు పుట్టిందే తెలుగుగంగతో. మద్రాసుకు 15 టీఎంసీల తాగునీరు ఇవ్వడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఒప్పుకున్నాయి. 1983లో పని మొదలైంది. దారిలో ఉన్న సీమకూ నీళ్లివ్వాలని దాన్ని పెంచారు. శ్రీశైలం నుంచి బనకచర్ల, అక్కణ్నుంచి వెలుగోడు, తర్వాత బ్రహ్మంగారిమఠం దగ్గర బ్రహ్మంసాగర్, ఆపైన సోమశిల, కండలేరు మీదుగా ఆ నీళ్లు చెన్నైకి పోతాయి. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వి, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కర్నూలు-కడప కాలువే అంతవరకు మన ప్రాంతానికి ఆధారం. తుంగభద్రలో నీళ్లుంటే కేసీ కాలువ, లేకుంటే ఆకాశం. బనకచర్ల దగ్గర కేసీకి కూడా శ్రీశైలం నీళ్లు అందే ఏర్పాటు వచ్చింది. ఒక కరెంటు ప్రాజెక్టు అలా మెల్లగా మన తాగునీటి ప్రాజెక్టు అయింది. తొలుత సుమారు 11 వేల క్యూసెక్కులున్న పోతిరెడ్డిపాడును 2005 తర్వాత 44 వేలకు పెంచారు.

ఇక పేచీ అంతా మట్టం మీదనే. 1996లో 69వ నంబరు జీవో కనీస మట్టం 834 అడుగులంది. 2004లో 107వ నంబరు జీవో దాన్ని 854 చేసింది. 834 దగ్గర జలాశయంలో సుమారు 54 టీఎంసీలు, 854 దగ్గర సుమారు 90. ఇరవై అడుగుల తేడా అంటే 36 టీఎంసీలు.

ఒక్క టీఎంసీ విలువ ఎంతో లెక్క వేద్దాం. మన లెక్కల సారు ఉంటే బోర్డు మీద వేయించేవారు. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. సగటున 80 మీటర్ల ఎత్తునుంచి దూకి, యంత్రాలు 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తే సుమారు 55 లక్షల యూనిట్ల కరెంటు. అదే టీఎంసీని పదివేల ఎకరాల మీద పరిస్తే 70 సెంటీమీటర్ల లోతు. మన జిల్లాలో ఏడాదికి పడే వాన ఇంచుమించు అంతే. అంటే ఒక టీఎంసీ దించినప్పుడల్లా పదివేల ఎకరాల ఒక ఏడాది వాన దిగువకు పోతుంది. కరెంటును ఇంకోచోట బొగ్గుతోనో, ఎండతోనో తయారు చేసుకోవచ్చు. వానను తయారు చేసుకోలేం.

ఈ లెక్క నాకు నేర్పింది కాలేజీ కాదు, మా నాయన. 2002 ప్రాంతంలో వరస కరువులొచ్చాయి. మా పసుపు చేను ఎండిపోయింది. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, కొత్తగా తయారవుతున్న ఎడమగట్టు భూగర్భ కేంద్రం గురించి గొప్పగా చెప్పాను. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, కొండను తొలిచి లోపల పెడుతున్నారు, రాత్రిపూట అవే యంత్రాలు తిరగబడి నీళ్లను వెనక్కి పైకి తోడతాయి అని. నాయన అంతా విని, "అంటే చక్రం తిప్పినంక నీళ్లు మళ్లా పైకి వచ్చాయా అబ్బీ? మన కాలవకు వచ్చాయా?" అని అడిగాడు. కొంచెమే వస్తాయి, మిగతాది సాగర్‌కు పోతుందని చెప్పాను. ఊరుకోలేక, "కరెంటు లేకుంటే నీ బోరు ఎట్లా ఆడుతుంది నాయనా?" అన్నాను. "బోర్లో నీళ్లుంటే గదా మోటరు" అని కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆ తర్వాత ఎన్నో సమావేశాల్లో పెద్ద పెద్ద మాటలు విన్నాను గాని, ఆ మాటకు జవాబు ఎక్కడా దొరకలేదు.

న్యాయంగా చెప్పాలంటే అవతలి వైపు కూడా రైతులే ఉన్నారు. 2014 తర్వాత కుడిగట్టు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు, ఎడమగట్టు కేంద్రం తెలంగాణకు వచ్చాయి. ఎత్తిపోతలకు, బోర్లకు కరెంటు కావాలని పాలమూరు, నల్లగొండ రైతు అడిగితే అది అత్యాశ కాదు. కరెంటు కోసం మనుషులు ప్రాణాలే పెట్టారు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. కేంద్రాన్ని కాపాడాలని లోపలే ఉండిపోయిన వాళ్లు ఉన్నారు. నా వృత్తిలోని వాళ్లు. స్విచ్ వేసినప్పుడు వెలిగే బల్బు వెనక వాళ్లూ ఉన్నారు.

మరో బడి

కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో ఆ పాత క్లాసుమేటు ఫోను చేశాడు. "నీళ్లు బాగా తగ్గినాయంట, పోదాం రా" అన్నాడు. సంగమేశ్వరం దర్శనం చేసుకుని, బీటలు వారిన ఒండ్రు మీద చాలా దూరం నడిచాం. వాడి ఊరు బయటపడి ఉంది. ఊరంటే పునాది రాళ్లు, పూడిపోయిన బావి గట్టు, విరిగిన రోలు. వాడు వాటి మధ్య దారి తెలిసినవాడిలాగే నడిచాడు. ఒకచోట ఆగి, వరసగా ఉన్న రాళ్లు చూపించి, "ఇది మా బడి. అయిదో తరగతి దాకా ఈడ్నే చదివినా" అన్నాడు. ఎంతసేపు నిలబడ్డామో గుర్తులేదు. ఆ రాళ్ల మధ్య ఒక మూల కూర్చుని, "ఈడ నా జాగా" అని నవ్వాడు.

స్వర్ణోత్సవ ఆహ్వానం అందినప్పుడు నాకు ఆ మూలే గుర్తొచ్చింది. ఆ బడికి యాభై ఏళ్ల పండగ లేదు, పూర్వ విద్యార్థుల సంఘం లేదు, సంచిక లేదు. ఏటా కొన్ని వారాలు ఎండ తగులుతుంది, అంతే. మన బ్రహ్మంసాగర్‌కు వచ్చే నీళ్లు ఆ బడి మీదుగా వస్తాయి. ఆ నీళ్లు వద్దని నేను అనడం లేదు. అవి లేకుంటే ఈ రోజు మైదుకూరు చుట్టుపక్కల పసుపు, ఉల్లి ఉండవు. నా జీతం కూడా ఆ లోయ ఇచ్చిందే. కాని తిన్న అన్నం ఎవరి చేతిదో తెలియాలని మన బడి నేర్పింది.

అందుకే సంఘానికి ఒక మనవి. ప్రతి ఏడూ మన బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని మూడు రోజులు తీసుకుపోదాం. మొదటి రోజు వేసవి సంగమేశ్వరం, మునిగిన ఊళ్లు. రెండో రోజు శ్రీశైలం, విద్యుత్ కేంద్రం. మూడో రోజు పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా మన బ్రహ్మంసాగర్. బస్సు ఖర్చులో నా వంతు నేను ఇస్తాను. టీఎంసీ లెక్క బోర్డు మీద వేయించే బాధ్యత కూడా నాదే. మునిగిన ఊళ్లు చూపించే బాధ్యత తనదని నా క్లాసుమేటు ఒప్పుకున్నాడు. పిల్లల్లో ఎవరైనా కట్టమీద నిలబడి "మా ఊరు యాడుంటాది?" అని అడిగితే, ఈసారి జవాబు చెప్పేవాడు పక్కనే ఉంటాడు.